కొల్లేరు కేసులో సింగ్‌నగర్ ఎందుకు లేదు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా విజయవాడలోని సింగ్‌నగర్‌ని ముంచేసిన తర్వాత కొన్ని నెలలపాటు ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే మాట: "ఈ దెబ్బతో గవర్నమెంటుకి బుద్ధొస్తుంది." నాకు ఆ నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వరదొస్తే డబ్బు కదులుతుంది, పొక్లెయిన్లు కదులుతాయి, టెండర్లు కదులుతాయి. చిత్తడి నేలల (సరస్సులు, చెరువులు, నీళ్ళు నిలిచే పల్లాల) చట్టం మాత్రం కదలదు. దాన్ని కదిలించేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ముందుకు తోసిన సందర్భాలున్నాయి, వెనక్కి లాగిన సందర్భాలూ ఉన్నాయి. ఆ వరదలో పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళు మాత్రం అటూ లేరు, ఇటూ లేరు. ఎందుకు లేరన్నదే నా గొడవ.

మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరుకి వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర రెండు దారులు. ఒకటి మనం తవ్విన డైవర్షన్ చానల్. దాని మీదుగా పోయి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. రెండోది దాని సొంత దారి. సింగ్‌నగర్, పాయకాపురం వైపుగా వచ్చి, ఏనికేపాడు దగ్గర కాలువ కింది సొరంగం (యూటీ) దాటి, కొల్లేటికి పోతుంది. ఆ రెండు రోజుల్లో కృష్ణే పొంగి ఉంది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా, రికార్డుల్లో లేనంత వరద. నిండిన కృష్ణ బుడమేరుని లోపలికి రానివ్వదు. చానల్‌కి మూడు గండ్లు పడ్డాయి, నీళ్ళు సొంత దారి పట్టాయి. ఆ దారిలో ఇప్పుడు ఊరుంది.

ఊరు దాటినా కథ అక్కడితో అయిపోదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితోపాటు లెక్కలేనన్ని డ్రెయిన్లు అందులోకే దిగుతాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. సరస్సు అడుగంతా చేపల చెరువుల గట్లు లేస్తే నీళ్ళు పరుచుకోవడానికి చోటుండదు. సింగ్‌నగర్ మునగడానికి కొల్లేరే కారణం అని నేననను, గండ్లే కారణం. కాని పై నుంచి వచ్చిన నీళ్ళు ఎంత తొందరగా దిగుతాయన్నది కింద ఎంత చోటుందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. కైకలూరు దగ్గర గట్టు ఎత్తుకీ, ఇక్కడ మెట్ల మీద తడి ఎన్నాళ్ళుందన్నదానికీ లంకె ఉంది. ఆ లంకె ఏ కాగితం మీదా లేదు.

వరద తర్వాత ఏం జరిగిందో చూడండి. గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. నీళ్ళు తగ్గాక కింది ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవాళ్ళకు 10 వేలు పరిహారం ప్రకటించారు. ఆక్రమణలు తీసేస్తామంటూ 'ఆపరేషన్ బుడమేరు' అన్నారు. చానల్ వెడల్పు, రిటైనింగ్ వాల్, అంచనాలు, ఇవే చర్చలు. ఇవేవీ అనవసరం అనను, గండి పడితే పూడ్చాల్సిందే. కాని ఇదంతా నీటిని ఎలా ఆపాలన్న చర్చే. నీటికి చోటు ఎంత వదలాలి, ఆ చోటు ఎవరిది, దాని హద్దు ఎక్కడ అన్న ప్రశ్నల్లోకి ఎవరూ దిగలేదు. దిగితే అవతలివైపు ఎవరో ఒకరి పట్టా ఉంటుంది మరి.

'ఆపరేషన్' అన్న మాట ఈ జిల్లాల్లో కొత్తేమీ కాదు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, +5 అడుగుల కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. అప్పటికే 1970ల నుంచి సొసైటీల పేరుతో ప్రభుత్వాలే ప్రోత్సహించిన చేపల చెరువులు సరస్సు లోపలికి పాకిపోయాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. పొక్లెయిన్లు పెట్టి గట్లు కొట్టేశారు. ఆ వేసవిలో అంతా అయిపోయిందనే అనుకున్నారు. గట్లు మళ్ళీ లేచాయి. కాంటూరుని +5 నుంచి +3కి తగ్గించాలన్న డిమాండూ దాంతోపాటే లేచింది, ఆ తర్వాత ఒక్క ఎన్నికలోనూ చల్లారలేదు. అజీజ్ కమిటీ వేశారు, తగ్గించొద్దని ఆ కమిటీ చెప్పింది. అయినా డిమాండ్ అలాగే ఉంది. ఆ కాంటూరులో వేల ఎకరాల జిరాయితీ (సొంత హక్కున్న), డి-పట్టా (ప్రభుత్వం పంచిన) భూములున్నాయి. పరిహారం తేలలేదు, మనుషులు ఎటూ పోలేదు.

ఇన్నేళ్ళలో కొల్లేటికి దక్కిన రక్షణంతా ఎవరి పుణ్యమో తెలుసా? పక్షుల పుణ్యం. ఆటపాకలో దిగే గూడబాతులు లేకపోతే అభయారణ్యం నోటిఫికేషన్ లేదు, వన్యప్రాణి చట్టం ఆ గట్ల దాకా వచ్చేదే కాదు. వరద నీటికి చోటు కావాలన్న కారణంతో ఆ సరస్సుని ఏ చట్టమూ కాపాడలేదు.

ఇది కొల్లేటి ఒక్కదాని కథ కాదు. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ మన దేశంలో మొట్టమొదట రామ్‌సర్ గుర్తింపు పొందిన రెండు చోట్లలో ఒకటి, రెండోది చిలికా. ఆ కేవలాదేవ్ ఒకప్పుడు మహారాజుల బాతుల వేట మైదానం. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చిన రికార్డు అక్కడే ఉంది. అమెరికాలో 1934లో 'డక్ స్టాంప్' చట్టం వచ్చింది. నీటిపక్షుల్ని వేటాడేవాడు స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడాలి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో ఒప్పందం కుదిరినప్పుడు దాని పూర్తి పేరులో కూడా నీటిపక్షుల ఆవాసం అన్న మాట ఉంది. బాతుల్ని కాల్చేవాళ్ళే బాతుల నేలని కాపాడే చట్టాలు చేయించుకున్నారన్నమాట. దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. వాళ్ళకు ఆ నేలతో పని ఉంది, పనున్న సంగతి వాళ్ళకు తెలుసు, దాన్ని అడిగే తాహతు ఉంది. చిత్తడి నేలల విధానం మారిన ప్రతిచోటా నాకు కనిపించేది ఈ మూడూ కలిసిన మనిషే. శాస్త్రవేత్త రిపోర్టు అలాంటి మనిషి చేతికి అందితేనే పనికొస్తుంది, లేకపోతే బీరువాలో ఉంటుంది.

మన దేశంలో ఆ మనిషి ఎక్కువగా పిటిషనర్ రూపంలో వచ్చాడు. చిత్తడి నేలల్ని కాపాడాలంటూ 2001లో సుప్రీంకోర్టులో పడిన ఎం.కె. బాలకృష్ణన్ కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఆ మధ్యలో, 2010 డిసెంబరులో, కేంద్రం మొదటిసారి చిత్తడి నేలల నియమాలు తెచ్చింది. నేల పూడ్చకూడదు, గత పదేళ్ళ సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు శాశ్వత కట్టడం కట్టకూడదు, ఇలాంటివి అందులో ఉన్నాయి. బాగానే ఉంది కాని, రామ్‌సర్ జాబితాలోవి, సున్నిత ప్రాంతాల్లోవి వదిలేస్తే, మైదానాల్లో 500 హెక్టార్లకు తక్కువున్న నీటి చోటు ఆ నియమాల కిందికే రాదు. ఊరి చెరువు ఎన్ని హెక్టార్లుంటుంది చెప్పండి.

2011లో అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో జాతీయ అట్లాస్ తయారుచేసింది. 2.25 హెక్టార్లకు మించినవి 2,01,503 అని లెక్క తేలింది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ అట్లాస్‌నే పట్టుకుని, వీటన్నిటినీ 2010 నియమాల్లోని సూత్రాల ప్రకారం కాపాడాలంది. ఒక సైన్సు సంస్థ గీసిన మ్యాపు కోర్టు చేతిలో పడి ఒక్క ఆదేశంతో రెండు లక్షల చోట్లకు రక్షణ అయింది. అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. కేంద్ర నియంత్రణ సంస్థ పోయింది, అధికారం రాష్ట్రాల అథారిటీలకు వెళ్ళింది. నిర్వచనంలో నుంచి నదీ మార్గాలతోపాటు తాగునీటికి, సాగునీటికి, చేపల పెంపకానికి, ఉప్పుకి, వినోదానికి ప్రత్యేకంగా కట్టిన నీటి చోట్లను తీసేశారు.  ఆంధ్రలో చెరువంటే సాగు కోసం తవ్వినదే ఎక్కువ. అవన్నీ ఆ నియమాల ప్రకారం చిత్తడి నేలలు కాకుండా పోయాయి. నెల తిరక్కుండానే కోర్టు, అట్లాస్‌లోని 2,01,503కీ పాత రక్షణే కొనసాగుతుందని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో, కొత్త అట్లాస్‌లో లెక్క 2.31 లక్షలకు చేరాక, నేల మీదికి వెళ్ళి హద్దులు తేల్చమని రాష్ట్రాలకు గడువు పెట్టింది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి, ఊళ్ళోవాళ్ళు వాటిని చూసుకుంటారు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించని గుంటూరు ఇల్లు ఉండదు. ఆ చెరువు 'ప్రత్యేకంగా తాగునీటికి కట్టినది' అని ఎవరైనా కాగితం చూపిస్తే 2017 నియమాలు దానికి వర్తించవు. అక్కడి రక్షణ అంతా ఊరివాళ్ళ పట్టుదల మీదే ఉంది. వాళ్ళు ఊరుకుంటే ఆ నియమాలు ఏమీ చెయ్యలేవు.

నేను బతుకంతా హోమ్ లోన్ ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి, కాబట్టి నాకు తెలిసిన కాగితం గురించి చెప్తాను. లోన్ అడిగితే బ్యాంకు రెండు రిపోర్టులు తెప్పించుకుంటుంది. ఒకటి లాయరు లీగల్ ఒపీనియన్: లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీల పత్రం), అడంగల్, 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) సర్వే నంబరు ఉందా లేదా. చెరువు పోరంబోకు అయితే అక్కడే ఆగిపోతుంది. రెండోది ఇంజినీరు వాల్యుయేషన్. ఆ ఫార్మాట్‌లో హద్దులు, రోడ్డు వెడల్పు, నేల మట్టం తర్వాత ఒక ప్రశ్న ఉంటుంది: తరచూ వరదకు, ముంపుకు గురయ్యే అవకాశం ఉందా? చాలామందికి ఈ ప్రశ్న ఉందనే తెలియదు. నేను చూసిన రిపోర్టుల్లో జవాబు దాదాపు అన్నిటా 'లేదు'. పాత ఫైలు తీసి పేరు, సర్వే నంబరు మార్చి ప్రింటు తీస్తే ఆ 'లేదు' కూడా దాంతోపాటే వస్తుంది. 2024 వరద తర్వాత కొన్నాళ్ళు కొందరు ఇంజినీర్లు 'భారీ వర్షాలప్పుడు అవకాశం ఉంది' అని రాశారు. బ్రాంచీల నుంచి ఫోన్లు వెళ్ళాయి, కస్టమర్లు టెన్షన్ పడ్డారు, బిల్డర్లు వేరే ఇంజినీర్ని పట్టుకున్నారు. మరుసటి వేసవికి మళ్ళీ 'లేదు'. మెట్ల గోడల మీద నీటి మట్టం గీత ఇంకా చెరగని వీధుల్లో కూడా.

వరదొచ్చినా విధానం ఎందుకు మారలేదో నాకు ఏ సెమినార్ కంటే ఆ జవాబే బాగా చెప్పింది. మునిగినవాడే ఆ 'లేదు' కావాలనుకుంటాడు. అతనికి ఆ ఇల్లే ఆస్తి, దాని మీదే అప్పు ఉంది, కూతురి పెళ్ళికి అమ్మాల్సి రావచ్చు. ముంపు ప్రాంతమని ఎక్కడైనా రాస్తే ముందు నష్టపోయేది తనే. అందుకే వరద బాధితుడు పరిహారం అడుగుతాడు, గోడ అడుగుతాడు. హద్దు మాత్రం అడగడు. తప్పు పట్టడానికి లేదు. చవగ్గా ఉందనే అక్కడ కొన్నాడు, పల్లమనే అది చవగ్గా ఉంది.

కొల్లేటి దగ్గర మా మేనమామ కొడుకు ఉన్నాడు, లీజు చెరువు చేస్తాడు. వరదప్పుడు ఫోన్ చేసి మా క్షేమం కనుక్కుని, మాటల్లో మాటగా గట్ల గురించి ఎత్తితే అన్నాడు: "బావా, మీ బెజవాడోళ్ళకి నీళ్ళొచ్చినప్పుడే మా గట్టు గుర్తొస్తుంది. మిగతా పదకొండు నెలలూ మా చేప గుర్తొస్తుంది." నేను నవ్వేశాను గాని, వాడి మాటలో న్యాయముంది. దేశంలో చేపలకీ రొయ్యలకీ మన రాష్ట్రమే ముందుంది. మేత, ఐసు, లారీలు, ప్యాకింగ్ కూలీలు, ఇంతమంది బతుకు దాని మీద ఉంది. అవతల లంక గ్రామాల్లో వలేసి బతికే వడ్డీ కులంవాళ్ళున్నారు. నీళ్ళు పరుచుకుంటే చేప దొరికేది వాళ్ళకే, వాళ్ళ పేరు మీద పెద్ద చెరువులు నడిపేది వేరేవాళ్ళు. చెరువు యజమాని దగ్గర లెక్క ఉంది: ఎకరానికి ఇంత లీజు, ఇంత దిగుబడి. ఎమ్మెల్యే దగ్గరికి ఆ లెక్క పట్టుకుని వెళ్ళగలడు. సరస్సు వల్ల సింగ్‌నగర్‌కి ఎంత లాభమో ఎవరి పాస్‌బుక్‌లోనూ పడదు. +3 కాంటూరు అడిగేవాళ్ళకు సంఘం ఉంది, +5 ఉంచమని అడగడానికి పక్షుల ప్రేమికులు, పిటిషనర్లు తప్ప ఎవరున్నారు?

వరదొచ్చాక విధానం మారిన దేశం లేదా అంటే ఉంది. 1998లో యాంగ్జీ వరద తర్వాత చైనా సరస్సులు పూడ్చి సాగు చేయడం ఆపింది, పొలాలను తిరిగి సరస్సులకు వదిలేయమంది, లక్షల మందిని అక్కణ్ణుంచి లేపింది. అక్కడ పట్టా అడ్డు రాదు, కోర్టుకెళ్ళేవాడు ఉండడు. ఆ పద్ధతి నాకు అక్కర్లేదు. అయినా ప్రత్యేకంగా చిత్తడి నేలల చట్టం అమల్లోకి వచ్చేసరికి 2022 జూన్ అయింది.

అమెరికాలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ 1972 నీటి చట్టం చిత్తడి నేలలకు గట్టి రక్షణ ఇచ్చింది. ఐడహో రాష్ట్రంలో ఒక జంట ఇల్లు కట్టుకుందామని కొనుక్కున్న స్థలం పూడుస్తుంటే పర్యావరణ సంస్థ ఆపింది. వాళ్ళు వదల్లేదు. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, పైకి కనిపించేలా పెద్ద నీటి వనరుతో ఎడతెగకుండా కలిసి లేని చిత్తడి నేలకు ఆ చట్టం వర్తించదని తేల్చింది. ఒక ఇంటి స్థలం కేసుతో దేశమంతటా రక్షణ కుదించుకుపోయింది. ఇంటి కాగితాల మధ్య పనిచేసే నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సొంత స్థలం కోసం ఏళ్ళకేళ్ళు కొట్లాడే ఓపిక మనిషికి ఉంటుంది. తనది కాని పల్లం కోసం అంత ఓపిక ఎవరికుంటుంది?

ఉంటుంది, సోంపేట చూడండి. శ్రీకాకుళం జిల్లాలో థర్మల్ కేంద్రానికి ఇచ్చిన నేలని జనం 'బీల' అంటారు. చేపలు, గడ్డి, పశువులకు మేత, పొలానికి నీళ్ళు, అన్నీ అక్కడివే. కాగితాల మీద అది పనికిరాని నేల. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. బీల నిలిచింది. అక్కడ నీటితో పనున్నవాడూ, నష్టపోయేవాడూ, కేసు వేసినవాడూ ఒకే ఊరివాళ్ళు. బుడమేరు దగ్గర ఆ ముగ్గురూ మూడు చోట్ల ఉన్నారు.

రామ్‌సర్ లెక్కలు చూసి మురిసిపోయేవాళ్ళకు ఒక చిన్న మాట. 2022 ఫిబ్రవరిలో దేశంలో 49 రామ్‌సర్ చోట్లుంటే, ఆగస్టు 15కల్లా 75 అయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్ళు కదా. అంకె కుదరాలంటే ఫైళ్ళు ఎంత వేగంగా కదలగలవో తెలిసింది. తమిళనాడు అదే ఊపులో ఒకటి నుంచి 14కి, 2025కల్లా 20కి వెళ్ళింది. మనకి ఇంకా కొల్లేరు ఒక్కటే, పులికాట్ కూడా చేరలేదు. జాబితాలో పేరుంటే గట్లు లేవవు అనుకుంటే 2002 తర్వాతి కొల్లేరుని చూస్తే చాలు. అయినా పేరు ఉండటం మంచిదే, రేపు కోర్టులో చూపించడానికి ఒక కాగితం.

హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ బుల్‌డోజర్లు తిరిగాక ఫ్లాట్ కొనేవాళ్ళు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) ఎంత దూరం, దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో ఉందా అని అడగడం మొదలుపెట్టారు. కూల్చిన తీరు మీద నాకు బోలెడు అభ్యంతరాలున్నాయి, ముఖ్యంగా చిన్న ఇళ్ళ విషయంలో. కాని చెరువు హద్దు గురించి కొనేవాడే అడగడం అన్నది ఏ పర్యావరణ దినోత్సవమూ సాధించలేనిది. విజయవాడలో దానికి బుల్‌డోజర్ అక్కర్లేదు. బుడమేరు ఎంతవరకు పరుచుకుందో 2024లో ఊరంతా చూసింది. ఆ గీతని సర్వే నంబర్ల మీద గీసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టడం, వాల్యుయేషన్ రిపోర్టులో ఆ ప్రశ్నకు జవాబు ఇంజినీరు ఇష్టానికి కాక ఆ గీత ప్రకారం రాయించడం, ఇవి ఢిల్లీ దాకా పోకుండా చేయగల పనులు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది చిన్నదేమీ కాదు. రేపు ఆ గీత గీస్తే సింగ్‌నగర్‌లో రెండు గదుల ఇల్లున్నవాడి ఆస్తి రాత్రికి రాత్రి పడిపోతుంది. అందుకే గీత ఒక్కటే చాలదు. ఉన్నవాళ్ళ ఇళ్ళకు మినహాయింపు, కొత్త లేఅవుట్లకు మాత్రమే ఆంక్ష, కింద కొల్లేట్లో జిరాయితీ రైతుకి తేల్చి చెల్లించే పరిహారం, ఇవన్నీ కలిసి రావాలి. జిరాయితీ లెక్క తేల్చకుండా గట్లు కొడితే 2006 మళ్ళీ జరుగుతుంది. ఆ పరిహారంలో విజయవాడకి వాటా ఉండాలని నేనంటాను. పైన ఉన్న మనం కింద చోటు వాడుకుంటున్నాం కాబట్టి. మా మేనమామ కొడుకు ఈ ఒక్క మాటకి మాత్రం "అదైతే రాసుకో బావా" అన్నాడు.

ఇంకొకటి, కొల్లేరు కేసుల్లో చెరువుల రైతులు కక్షిదారులుగా ఉన్నారు, పర్యావరణవాదులు ఉన్నారు, అటవీ శాఖ ఉంది. దిగువన చోటు లేకపోతే తమకేమవుతుందో చెప్పడానికి బుడమేరు పక్కన కాలనీల సంఘాలు ఇంప్లీడ్ పిటిషన్ (కేసులో మమ్మల్నీ చేర్చుకోండన్న అర్జీ) వేస్తే, కోర్టు ఆ సరస్సుని పక్షుల కళ్ళతో కాక ఒకసారి మన కళ్ళతో చూడాల్సి వస్తుంది. మొన్న మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో, సెల్లార్‌కి రెండో మోటారు కొనాలా వద్దా అన్న చర్చ నడుస్తుండగా, ఈ మాట ఎత్తాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మూడో ఫ్లోరు పెద్దాయన, "ఆలోచన బాగానే ఉందండీ, లాయరు ఫీజు తలా ఎంత పడుతుంది?" అన్నారు. పక్క రెండు కాలనీలు కూడా కలిస్తే ఎంత పడుతుందో కనుక్కునే పని నాకే అప్పగించారు. మోటారు మాత్రం ఆ రోజే ఓకే అయింది.